ప్రతిజ్ఞ చెప్పిన నోటితోనే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బడి అంతా కలిసి మంచివని ఒప్పుకున్న విలువలు అక్కడ పనిచేసేవారి రోజువారీ నడవడిలోకి ఎలా వస్తాయన్నదే ఆ విషయం. విశాఖపట్నం నుంచి, ఊరి చుట్టుపక్కల నుంచి వచ్చిన ఏడు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. రాసినవారి పేర్లు గాని, వారి బడుల పేర్లు గాని కావాలనే ఇవ్వలేదు.

ప్రశ్న: మధురవాడలో ఒక ప్రైవేటు హైస్కూలుకు నేను ప్రిన్సిపాల్‌ని. నలభై ఆరుగురు ఉపాధ్యాయులు, ఆయాలు, డ్రైవర్లు, ఆఫీసువారు కలిపి ఇంకో పదిహేడు మంది ఉన్నారు. వేసవి సెలవుల్లో రెండు రోజులు కూర్చుని గౌరవం, నిజాయతీ, బాధ్యత, దయ, సమయపాలన అనే ఐదు విలువలను నిర్ణయించుకున్నాం. వరండా గోడల మీద రాయించాం, అందరిచేతా సంతకాలు పెట్టించాం. నాలుగు నెలలు గడిచాయి. గోడలకు కొత్త రంగు రావడం తప్ప మారిందేమీ కనిపించడం లేదు. "ఇది మేనేజ్‌మెంట్ వారి ఇంకో ప్రోగ్రామ్" అని స్టాఫ్ రూములో అనుకోవడం కూడా నా చెవిన పడింది. పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఒకచోట ఆగిపోయాను. రెండు రోజులు కూర్చున్నామని రాశారు గాని, ఆ కూర్చున్నవారిలో ఆయాలు, డ్రైవర్లు ఉన్నారో లేదో రాయలేదు. లేరనే అనుకుంటున్నాను, ఎందుకంటే మన బడుల్లో స్టాఫ్ మీటింగ్ అంటే టీచర్ల మీటింగే. ఆ గదిలోకి ఆయా వచ్చేది టీ పట్టుకునే. పొరపాటు అక్కడే మొదలైందని నా అభిప్రాయం. గోడ మీద రాయించడం తర్వాతి సంగతి.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. దేశమంతటా బడి పిల్లలు పొద్దున్నే చెప్పే "భారతదేశం నా మాతృభూమి" అనే ప్రతిజ్ఞ పుట్టింది విశాఖపట్నంలోనే. 1962లో ఇక్కడ జిల్లా ట్రెజరీ అధికారిగా ఉద్యోగం చేస్తున్న పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు దాన్ని తెలుగులో రాశారు. అందులో "ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను" అనే వాక్యం ఉంది. పెద్దలతో అనో, గురువులతో అనో కాదు, ప్రతివారితోనూ అని. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ వాక్యాన్ని నేను ప్రతి ఉదయం పిల్లలతో పాటు చెయ్యి చాచి చెప్పాను. అలా చెప్పిన పది నిమిషాలకే, ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి, దించడానికి వచ్చిన తండ్రి ఎదుటే చిన్నబుచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ విలువ తెలియక చేసిన పని కాదది. తెలిసిన విలువ ఏ పూట, ఏ పనిలో, ఎవరి దగ్గర కనిపించాలో మేమంతా కలిసి ఏనాడూ తేల్చుకోకపోవడం వల్ల జరిగిన పని.

నేను ప్రధానోపాధ్యాయురాలిగా చేసిన ఒక పాఠశాలలో "గౌరవం" అనే మాట మీద ఒక సాయంత్రం చర్చ పెట్టాను. పెద్దల్ని గౌరవించాలని ఒకరు, వృత్తిని గౌరవించాలని ఒకరు, సమయాన్ని గౌరవించాలని ఇంకొకరు చెప్పారు. అన్నీ మంచి మాటలే గాని, వాటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకునీ రేపు పొద్దున్న బడికి వచ్చి ఏం చేయాలో చెప్పలేం. టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి ఆయా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడకు కుర్చీ వేయించి, "మీరు కూడా చెప్పండమ్మా" అన్నాను. ఆవిడ చాలాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుని, ఆఖరికి "నన్ను చిటికేసి పిలవకుండా ఉంటే చాలండి" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక టీచరు ఆవిడ పేరు అడిగారు. పదకొండేళ్ళుగా ఆ బడిని ఊడ్చి, నీళ్ళు పట్టి, పిల్లల మూతులు కడిగిన మనిషి పూర్తి పేరు ఆ గదిలో ఉన్న ఇరవై ఆరు మందిలో నలుగురికే తెలుసని అప్పుడు బయటపడింది.

ఆ సాయంత్రం మేము విలువల జాబితా ఏదీ రాసుకోలేదు. ఒకే ఒక్క పనికి ఒప్పుకున్నాం: ఈ ఆవరణలో ఎవరూ ఎవరినీ చిటికేసి గాని, చప్పట్లు కొట్టి గాని, "ఏయ్" అని గాని పిలవకూడదు, పెద్దల విషయంలో ఎంతో పిల్లల విషయంలోనూ అంతే. మొదటి వారంలో నేనే రెండుసార్లు తప్పాను. నెల తిరిగేసరికి అలవాటు పడ్డాం. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఏడో తరగతి పిల్లలు ఆవిణ్ణి పేరు చివర "అమ్మ" చేర్చి పిలవడం విన్నాను. అలా పిలవమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఐదు విలువల్నీ ఒకేసారి మోయకండి. ఒక టర్ముకు ఒకటి తీసుకోండి. ఆ విలువ మన బడిలో ఉందని బయటి నుంచి వచ్చిన కొత్త మనిషి దేన్ని చూసి గుర్తుపడతాడని అందరినీ, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో సహా, అడగండి. కంటికి కనిపించనిదీ చెవికి వినిపించనిదీ అయితే పక్కన పెట్టేయండి. నిజాయతీ అంటే, దిద్దని నోటుబుక్కు మీద దిద్దినట్టు సంతకం పెట్టకపోవడం. జవాబు తెలియని ప్రశ్న పిల్లలు అడిగితే "చూసి రేపు చెబుతాను" అని, మర్నాడు గుర్తుపెట్టుకుని నిజంగా చెప్పడం. బాధ్యత అంటే, సెలవు పెట్టిన టీచరు తరగతికి మనల్ని పంపినప్పుడు సెల్ ఫోను చూసుకుంటూ కూర్చోకుండా ఆ నలభై నిమిషాలూ ఆ పిల్లలకు పనికొచ్చేలా చేయడం. సమయపాలన అంటే బెల్లు కొట్టాక వరండాలో కబుర్లు ఆపడం ఒకటే కాదు. నాలుగున్నరకు అని చెప్పిన మీటింగును ప్రిన్సిపాల్ గారు ఐదుంబావు దాకా సాగదీయకపోవడం కూడా. టీచర్లకూ ఇంటి దగ్గర పిల్లలుంటారు, వారిలో చాలామందికి పట్టుకోవలసిన బస్సు ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా బడి ఆవరణలో చెట్లన్నీ పడిపోయాయి, సైకిల్ షెడ్డు రేకులు పక్క వీధిలో దొరికాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు, ఎవరూ ఎవరికీ కబురు పెట్టలేదు. అయినా మూడో రోజుకు పది పన్నెండు మంది సిబ్బంది వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. గణితం మాస్టారు, అటెండరు చెరో వైపు పట్టుకుని కొమ్మలు లాగారు. ఒకే బిందెలోని నీళ్ళు అందరూ తాగారు. దయ, బాధ్యత, గౌరవం అన్నీ ఆ వారం రోజులూ మా బడిలో నిండుగా ఉన్నాయి. బడి మామూలుగా నడవడం మొదలుపెట్టిన పదిహేను రోజులకు చిటికెలు మళ్ళీ వినిపించాయి. ఆయా చేత మాట్లాడించిన ఆ సాయంత్రం వచ్చింది దీని తర్వాతే. మీ సిబ్బందిలో విలువలు లేవని దయచేసి అనుకోకండి. ఆపద వేళ వాటంతట అవే బయటికి వస్తాయి. మామూలు రోజున వాటికి ఒక వేళ, ఒక చోటు మనం చూపించవలసి ఉంటుంది.

ఆ చోటు కోసం నేను కనిపెట్టిన గొప్ప ఉపాయమేమీ లేదు. నెలకోసారి జరిగే స్టాఫ్ మీటింగులో మొదటి పది నిమిషాలు దానికే కేటాయించేవాళ్ళం. సిలబస్, యూనిట్ పరీక్షలు, వార్షికోత్సవం అన్నీ ఆ తర్వాతే. ఒప్పుకున్న పనిలో తాము ఎక్కడ తడబడ్డామో ఎవరికి తోస్తే వారు చెప్పేవారు, మొదట నేను చెప్పేదాన్ని. ఎదుటివారి తప్పు చెప్పడం మాత్రం నిషిద్ధం. మొదటి రెండు నెలలు నేను తప్ప ఎవరూ నోరు విప్పలేదు. మూడో నెల సైన్సు టీచరు, తాను ఒక అమ్మాయి రికార్డును విసురుగా బల్ల మీద పడేశానని, ఆ పిల్ల వంగి కాగితాలు ఏరుకుంటుంటే తనకు సిగ్గేసిందని చెప్పారు. ఆ రోజు నుంచి ఆ పది నిమిషాలకు విలువ వచ్చింది.

దీనికి రిజిస్టరు పెట్టకండి, మార్కులు వేయకండి, ఇంక్రిమెంటుతో ముడిపెట్టకండి. ముడిపెట్టిన నాడు మీ కంటపడేటప్పుడు మాత్రమే మర్యాద కనిపిస్తుంది. తప్పిన మనిషితో మీ గదిలో, ఒంటరిగా మాట్లాడండి. బాగా చేసిన మనిషికి "మీరు చాలా మంచి టీచరు" అని కాకుండా, "నిన్న వాన వస్తుంటే ఆఖరి బస్సు పిల్లలు వెళ్ళేదాకా మీరు గేటు దగ్గరే ఉన్నారు, నేను చూశాను" అని చెప్పండి.

చివరగా ఒక కటువైన మాట, మీ కరస్పాండెంటు గారికి కూడా చూపించండి. జీతం ఏ తేదీన వస్తుందో తెలియని చోట, చేరేటప్పుడు ఉపాధ్యాయుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసే చోట, ఒంట్లో బాగాలేదని సెలవు అడిగితే అబద్ధమాడుతున్నట్టు చూసే చోట, నిజాయతీ, దయ అనే మాటలు ఏ గోడ మీదా నిలవవు. మీ బడిలో ఇవి ఉన్నాయని నేను అనడం లేదు. ఉంటే మాత్రం ముందు వాటిని సరిదిద్దండి, ఆ తర్వాతే సిబ్బందిని ఏదైనా అడగండి.

ప్రశ్న: భీమునిపట్నం మండలంలో ఇద్దరమే ఉపాధ్యాయులం ఉన్న ప్రాథమిక పాఠశాల మాది. హాజరు, భోజనం ఫోటోలు యాప్‌లో పెట్టడానికే సగం పూట పోతోంది. విలువల గురించి మళ్ళీ ఒక శిక్షణ, మళ్ళీ ఒక కార్యక్రమం అంటే మావంటివారికి సాధ్యమేనా?

జవాబు: సాధ్యం కాదు, అవసరమూ లేదు. మీ విసుగులో న్యాయం ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనకు సంబంధం లేని పనులు ఉపాధ్యాయులకు అప్పగించకూడదు. ఫోటోలు, యాప్‌లు బడి పనిలో భాగమేనని పై అధికారులు అనవచ్చు గాని, అవి తినేసే సమయం పిల్లలదేనన్న మీ బాధ నిజం. కొత్త కార్యక్రమం ఏదీ పెట్టుకోకుండా, రోజూ ఎలాగూ జరుగుతున్న ఒక పనిని ఎంచుకోండి.

మధ్యాహ్న భోజనాన్నే తీసుకోండి. మన రాష్ట్రంలో ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళ కాని వేళ గడప తొక్కినవారికి కూడా కులం, ఊరు అడగకుండా వండి వడ్డించిన ఇల్లాలు ఆవిడ. పిల్లలకు వడ్డించే ముందు కనీసం ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలన్నది పథకంలో ఉన్న నియమం. ఆ రుచి చూడటం చాలాచోట్ల వంటగది గుమ్మంలో నిలబడి అరచేతిలో వేయించుకున్న చెంచాడు సాంబారుతో అయిపోతుంది. దాని బదులు వారానికి రెండు రోజులైనా మీరిద్దరూ పిల్లల వరసలో కూర్చుని, వాళ్ళ పళ్ళెం లాంటి పళ్ళెంలో, వాళ్ళతో పాటే తినండి. అన్నం చిమిడిందో, పలుకుగా ఉందో, పప్పు నీళ్ళయిందో అప్పుడు తెలుస్తుంది. గుడ్డు ఎవరికి అందలేదో, వరసలో ఆఖరున కూర్చున్న పిల్ల కూర అయిపోతుందేమోనని ఎలా తొంగిచూస్తుందో కనిపిస్తుంది. వండే ఆవిడకు "ఈ రోజు పులుసు బాగుందమ్మా" అని చెప్పడానికి వీలుంటుంది. బాగాలేని రోజున చెప్పే మాటకు కూడా అప్పుడే విలువ ఉంటుంది. సమానత్వం, కృతజ్ఞత, శుభ్రత అని వేరే పాఠాలు చెప్పే పని తగ్గుతుంది.

ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో ఇంకొక విషయం ఉంది. పిల్లలు రోజంతా చూసేది మీ ఇద్దరినే. ఒకరు లేనప్పుడు ఇంకొకరు వారి గురించి ఏమన్నారో, ఒకరు ఆలస్యమైతే రెండోవారు పిల్లల ముందు ఎలా ముఖం పెట్టారో ఐదేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది. మీ మధ్య ఏదైనా పేచీ ఉంటే పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసుకుని తేల్చుకోండి.

ప్రశ్న: గాజువాకలో ఒక పెద్ద ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేస్తున్నాను. మా సహోద్యోగి ఒకరు, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు "ఏటి సార్" అంటే అదే యాసలో వెక్కిరించి తరగతినంతా నవ్విస్తారు. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఇప్పుడు నోరు తెరవడమే మానేశాడు. ఆయన చెడ్డవారు కారు, సబ్జెక్టు బాగా చెబుతారు. పై వారికి ఫిర్యాదు చేయాలా, ఊరుకోవాలా?

జవాబు: ఊరుకోవద్దు. అలాగని ఫిర్యాదుతో మొదలుపెట్టనూ వద్దు.

ముందు ఆయనతో మీరే మాట్లాడండి. స్టాఫ్ రూములో నలుగురి మధ్య కాదు, బస్ స్టాప్ దాకా కలిసి నడుస్తున్నప్పుడో, లంచ్ అయ్యాక చేతులు కడుక్కుంటున్నప్పుడో. "మీరు పిల్లల్ని అవమానిస్తున్నారు" అంటే ఆయన తనను సమర్థించుకునే పనిలో పడతారు. "ఆ అబ్బాయి నా క్లాసులో ఆగస్టు దాకా చెయ్యెత్తేవాడు, ఇప్పుడు ఎత్తడం లేదు, మీ క్లాసులో ఎలా ఉన్నాడు?" అని అడగండి. మీరన్నట్టు ఆయన చెడ్డవారు కాకపోతే ఆ ప్రశ్న ఆయన్ని నిద్రపోనివ్వదు. తాను నవ్వించడాన్ని ఆయన చనువు అనుకుంటూ ఉండవచ్చు. ఆ చనువుకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో ఆయనకు ఇంతవరకు కనిపించలేదు, అంతే.

తెలుగు టీచరు కాబట్టి మీకు ఇంకొక దారి కూడా ఉంది. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున. ఆయన శ్రీకాకుళం సీమలో పుట్టినవారు, పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేసినవారు. మనుషులు మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటుండాలని పోరాడినవారు. అంతకంటే ముందు, సవర అనే గిరిజన తెగ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, అందులో పాఠాలు రాసి, వాళ్ళ కోసం బడులు నడిపిన ఉపాధ్యాయుడు. ఆయన పేరున దండలు వేసి, ఉపన్యాసాలు చెప్పి, మర్నాడు అదే బడిలో అదే నేల మీది యాసను వెక్కిరిస్తే ఆ దండకు అర్థం లేదు. మీ తరగతిలో ఒక పిరియడ్ ఇంట్లో వాడే మాటలకు ఇవ్వండి. ఎవరింట్లో ఏ వస్తువును ఏమంటారో పిల్లల చేత చెప్పించి బోర్డు మీద రాయించండి. పాడేరు అబ్బాయి ఇంటి మాట కూడా ఆ బోర్డు మీద అందరి మాటలతో సమానమైన అక్షరాల్లో ఉండాలి. వీలైతే ఆ సహోద్యోగిని కూడా పిలిచి వెనక బెంచీలో కూర్చోమనండి.

ఇంత చేసినా మారకపోతే ప్రధానోపాధ్యాయులకు చెప్పవలసిందే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. వెక్కిరింత దెబ్బ కాదు కదా అనుకోకండి.

ఈ సందర్భంలోనే ఇంకొక హద్దు గుర్తుచేయాలి. సహోద్యోగితో ఒంటరిగా మాట్లాడి చూద్దామనే ఈ పద్ధతి అన్నింటికీ పనికిరాదు. పిల్లవాణ్ణి కొట్టడం కంటపడితే అదే రోజు ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ప్రతివారి విధి. తెలిసీ చెప్పకపోవడం నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. అక్కడ బడి పరువు, సహోద్యోగి కుటుంబం అనే మాటలకు తావు లేదు.

ప్రశ్న: నేను టీచర్ని కాను, ఒక బడిలో అకౌంట్స్ చూస్తాను. ఫీజు కట్టని పిల్లల పేర్లు తరగతికి వెళ్ళి చదవమని, పరీక్ష రోజున వాళ్ళను బయట నిలబెట్టమని నాకు చెబుతారు. మా బడి గోడ మీద కూడా "ప్రతి బిడ్డా మా బిడ్డే" అని ఉంది. నాలాంటి చిన్న ఉద్యోగి ఏం చేయగలడు?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలోకీ నన్ను ఎక్కువ కదిలించింది మీది. విలువల గురించి జరిగే మీటింగుకు మిమ్మల్ని బహుశా పిలిచి ఉండరు, కాని మీ బడిలో ఆ విలువలు నిలిచేదీ కూలేదీ మీ చేతిలోని ఆ కాగితం దగ్గరే.

ఫీజు బాకీ తల్లిదండ్రులకూ బడికీ మధ్య ఉన్న లెక్క. ఆ లెక్కలో తొమ్మిదేళ్ళ పిల్లకు భాగం లేదు. పేరు చదివినప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి, గౌను అంచు పట్టుకుని కిందికి చూస్తుంటే పక్క పిల్లలు తలలు తిప్పి చూడటం మీరు చూసే ఉంటారు. ఇది మానసిక వేధింపు కిందికే వస్తుందని నా స్పష్టమైన అభిప్రాయం. బడికి డబ్బు అవసరం లేదని నేను అనను. ఆ డబ్బులోంచే మీ జీతం, టీచర్ల జీతం రావాలి. కాబట్టి ఒట్టి అభ్యంతరంతో కాకుండా ఇంకొక పద్ధతి చేతపట్టుకుని మేనేజ్‌మెంటు దగ్గరికి వెళ్ళండి. తల్లిదండ్రులకు నేరుగా ఫోన్ చేయడం, కలిసి మాట్లాడటానికి సాయంత్రం పూట ఒక గంట కేటాయించడం, వాయిదాల్లో కట్టే వీలు రాసి ఇవ్వడం, పిల్లల చేతికి ఏ కాగితమూ ఇవ్వకపోవడం. రెండు నెలలు ఒక్క తరగతిలో ఇలా చేసి వసూలు ఎంత వచ్చిందో చూపిస్తానని అడగండి. పేరు చదివితే వచ్చేది డబ్బు కంటే కోపమేనని లెక్కలు చూసేవారిగా మీకు తెలుసు. మీతో పాటు ఒక సీనియర్ టీచరునైనా వెంట తీసుకువెళ్ళండి, ఒంటరిగా వెళ్ళకండి.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద వర్గాల పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్లలో చేరినవారి జాబితా కూడా మీ దగ్గరే ఉంటుంది. అది మీ బీరువా దాటి తరగతి గదిలోకి వెళ్ళకుండా చూడటం ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మీరు ఈ రోజే చేయగల పని.

ప్రశ్న: కంచరపాలెంలో ప్రభుత్వ బడిలో మా అమ్మాయి చదువుతోంది. నేను తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. టీచర్ల నడవడి గురించి మాట్లాడే హక్కు మాకుందా?

జవాబు: ఉంది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. అయితే తప్పులు ఎంచడానికి వెళ్ళినట్టు వెళ్ళకండి. మీ అమ్మాయి ఇంటికి వచ్చి ఏ టీచరు గురించి సంతోషంగా చెప్పిందో అది ముందు మీటింగులో చెప్పండి, ఆ తర్వాత మీకు బాధ కలిగించింది చెప్పండి. ఇంట్లో, పిల్ల వింటుండగా, టీచర్లను ఏకవచనంలో మాట్లాడకుండా చూసుకోవడం మీ వంతు.

ప్రశ్న: "ఈ నెల విలువల ఉపాధ్యాయుడు" అని ఒకరికి షీల్డు ఇద్దామనుకుంటున్నాం. మీ అభిప్రాయం? – ఒక కరస్పాండెంటు, ఎం.వి.పి. కాలనీ. ఇదే రోజు పెందుర్తి నుంచి కొత్తగా ప్రధానోపాధ్యాయుడైన ఒకరు రాసిన ఉత్తరం కూడా అందింది: ఆలస్యంగా వచ్చిన టీచరు మీద ప్రేయర్ జరిగే చోట, పిల్లల ముందే అరిచానని, తర్వాత ఆవిడ బిడ్డకు జ్వరమని తెలిసిందని, క్షమాపణ చెబితే అధికారం పలచబడుతుందేమోనని ఆయన సందేహం.

జవాబు: షీల్డు వద్దు. ఒకరికి ఇస్తే అరవై మందికి ఇవ్వనట్టు అవుతుంది, మర్యాదలో పోటీ పెట్టినట్టు అవుతుంది. ఆ డబ్బుతో ఆయాలు కూర్చుని అన్నం తినడానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు కొనండి.

పెందుర్తి మాస్టారికి: క్షమాపణ చెప్పండి. ముందు ఆవిడకు ఒంటరిగా చెప్పి, పిల్లల ముందు కూడా చెప్పడం ఆవిడకు ఇష్టమేనా అని అడగండి, ఎందుకంటే ఆ ప్రస్తావన మళ్ళీ రావడమే ఆవిడకు ఇబ్బంది కావచ్చు. సరేనంటే, అరిచిన చోటే చెప్పాలి. మీ గదిలో చెప్పిన క్షమాపణ ఆవిడకు చేరుతుంది, ఆ అరుపు విన్న మూడు వందల మంది పిల్లలకు చేరదు. నేను ఒకసారి ఇలాగే అటెండరు మీద పిల్లలు వింటుండగా అరిచి, మర్నాడు అక్కడే నిలబడి చెప్పాను. ఆ తర్వాత నా మాట ఆ బడిలో తగ్గలేదు. మధ్యాహ్నం ఇద్దరు ఎనిమిదో తరగతి అబ్బాయిలు వాళ్ళంతట వాళ్ళే నా గదికి వచ్చి, పగిలిన ట్యూబ్‌లైటు తమ పనేనని చెప్పారు. కారణాలు వివరించకండి, ఆవిడ ఇంటి సంగతి పిల్లలకు చెప్పకండి. ప్రతిజ్ఞ అయ్యాక, పిల్లలు వరసలు కదిలించకముందే, "నిన్న మన టీచరు గారితో నేను మర్యాదగా మాట్లాడలేదు. అది తప్పు, ఆవిణ్ణి క్షమించమని అడుగుతున్నాను" అనండి. ఆ రెండు వాక్యాలు చాలు, తర్వాత మామూలుగా బెల్లు కొట్టించండి.